పొన్నుత్తాయి చేలో ఎనిమిది రోజుల ముయ్యి

మా పెద్దమ్మ మునివెంకటమ్మతో "ఇంక కూర్చోమ్మా, చేసింది చాలు" అన్నవాళ్లు ఆ మాట రెండోసారి అనేవాళ్లు కాదు. తమిళనాడు ధర్మపురి జిల్లాలోని ఏ. పళ్లిపట్టి బడిలో ఇరవై రెండేళ్లు పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిన మనిషి ఆవిడ. రోజూ నూట ఎనభై మంది పిల్లలు, రెండు పొయ్యిలు, ఆవిడ నోరు. ఆ నోటికి జడిసి హెడ్‌మాస్టరు కూడా వంటగది గడప బయటే ఆగేవాడట. 2005లో రిటైరయింది. మర్నాటి నుంచి చేయడానికి పని లేదు. ఉన్న రెండెకరాల రాగి చేను కొడుకు సూర్య చూసుకుంటున్నాడు, ఇల్లు కోడలు ధనలక్ష్మి చూసుకుంటోంది. ఇద్దరూ బాగానే చూసుకుంటున్నారు, ఆవిడకు గిట్టనిది కూడా అదే. మూడు నెలలు తిరిగేసరికి కోడలి కూరలో ఉప్పు మీదా, కొడుకు దున్నిన చాలు మీదా, వీధిలో పోయే కోళ్ల మీదా తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది. ఈవిడకు ఏదో ఒక పని దొరికితే బాగుండునని ఇంటిల్లిపాదీ కోరుకున్నారు.

ఆ పని తెచ్చిపెట్టిన పాపం నాదే. నా పేరు మోహనప్రియ. నేను అప్పట్లో ధర్మపురిలో, పేదవాళ్లకు కంటి ఆపరేషన్లు చేయించే ఒక ట్రస్టు ఆఫీసులో పనిచేసేదాన్ని. మా ట్రస్టువాళ్లు కొత్తగా ఒక కాగితం అచ్చు వేయించారు. అరవై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న భార్యాభర్తలు కావాలి, ఏడాదిపాటు దూరపు ఊళ్లలో ఉండి, కంట్లో శుక్లం ఉన్నవాళ్లను వెతికి, ఆపరేషన్‌కు ఒప్పించి క్యాంపుకు పంపాలి, గదీ సరుకులూ మేమిస్తాం అని. కింద ఇంకో వాక్యం ఉంది. సేవ చేస్తూ కొత్త ప్రదేశాలు చూడవచ్చు, సముద్రంలో దీవుల మీది పల్లెలైనా సరే, కొండ మీది పల్లెలైనా సరే అని. నేను ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు నవ్వులాటకు ఆ కాగితం చదివి వినిపించాను. పెద్దమ్మ నవ్వలేదు. "ఇంకోసారి సదువు" అంది.

మా పెదనాన్న వెంకటరామప్ప గోల వేరు. ఆయనకు అరవై ఆరేళ్లు. ఆ వయసుకు ఆయన చూసినవి తిరుపతి, తీర్థమలై, పెద్దమ్మ పెళ్లిచూపులకు పోయిన హోసూరు. సముద్రం చూడలేదని ఆయనకు పెద్ద వెలితి. దీవులు అన్న మాట చెవిన పడగానే సంచి ఎక్కడుందని వెతకడం మొదలుపెట్టాడు.

దీవి పల్లెలు సేలం నుంచి వచ్చిన వేరే దంపతులకు పోయాయి. మావాళ్లకు వత్తల్‌మలై కొండ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి నేను వెళ్లినప్పుడు పెదనాన్న ముఖం చూడాలి.

"సముద్రం సూడాలని సంచి సర్దినాను. ధర్మపురి పోయినప్పుడల్లా బస్సు కిటికీలో కనబడే కొండనా నాకు సూపించేది?" అన్నాడు.

"కనబడింది సెరి. ఎప్పుడన్నా ఎక్కినావా? ఎక్కనిదంతా కొత్త ఊరే. పట్టు సంచి" అంది పెద్దమ్మ.

అలా 2006 చిత్తిరై నెలలో, అంటే ఏప్రిల్ చివర, ఇద్దరూ కొండెక్కారు. అప్పటికి ఆ కొండకు రోడ్డు లేదు. రాళ్ల దారిలో మూడు గంటలు నడవాలి. బియ్యం, రాగిపిండి, గిన్నెలు గాడిదల మీద వెళ్లాయి. కొండమీదివాళ్లది తమిళం, వాళ్లతో మావాళ్లదీ తమిళమే. నేను ఆ మాటల్ని మన తెలుగులోకి తెచ్చి చెబుతున్నాను.

మొదటి మూడు నెలలు పెద్దమ్మ చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ జాలేస్తుంది. ట్రస్టు ఇచ్చిన బొమ్మల పుస్తకం చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. కన్ను ఇట్లా ఉంటుంది, పొర ఇట్లా కమ్ముతుంది, డాక్టరు ఇట్లా తీస్తాడు, నొప్పి ఉండదు, భయపడకండి. వాళ్లు చాప వేసి కూర్చోబెట్టేవాళ్లు, కాఫీ ఇచ్చేవాళ్లు, బొమ్మలన్నీ శ్రద్ధగా చూసేవాళ్లు. క్యాంపు రోజు ఒక్కరూ దిగేవాళ్లు కారు. మూడు నెలల్లో ఇద్దరంటే ఇద్దరు దిగారు. వాళ్లలో ఒకాయన వడివేలు, ఆయనకు కంట్లో ఏ జబ్బూ లేదు, టౌన్లో సినిమా చూడాలని వచ్చాడు.

పెదనాన్న మాత్రం హాయిగా ఉన్నాడు. పొద్దున్నే సంకటి ముద్ద తిని, కర్ర పట్టుకుని, "ఊరు సూసొస్తా" అని బయల్దేరేవాడు. ఏ ఊట నీళ్లు తియ్యగా ఉంటాయి, ఏ పనసచెట్టు ఎవరి తాత నాటింది, ఏ బండ మీద కూర్చుంటే కింద సేలం రోడ్డు మీద లారీలు చీమల్లా కనబడతాయి, ఇవన్నీ తెలుసుకుని మధ్యాహ్నానికి వచ్చేవాడు. పెద్దమ్మకు అది చూస్తే మంట.

"నువ్వు సేవకి వచ్చినావా, సుమ్మా తిరిగేదానికి వచ్చినావా?"

"రెండిటికీ అని కదా కాగితంలో రాసుండేది" అనేవాడు ఆయన.

ఆని నెలలో, జూలై మొదట్లో, మా డాక్టరు ఒకాయన టార్చి పట్టుకుని కొండెక్కాడు. ఆ రోజు నేను వెళ్లలేదు కానీ ఆయన రాసిన జాబితా నా చేతికే వచ్చింది. పద్నాలుగు మందికి ఆపరేషన్ కావాలి. అందులో ఒక పేరు కింద ఎర్రగా గీత గీశాడు. పొన్నుత్తాయి, యాభై ఆరేళ్లు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంట్లో పొర బాగా ముదిరింది. ఆగస్టులో, ఆవణి నెల క్యాంపులో తీసేస్తే చూపు వస్తుంది. ఆ తర్వాత డాక్టర్ల బృందం మళ్లీ వచ్చేది జనవరిలో, తై నెలలోనే. అంతదాకా ఆగితే లోపల ఒత్తిడి పెరిగి ఈ కన్నూ పోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ఈ మాట ఆయన పొన్నుత్తాయికి చెప్పాడు, పెద్దమ్మకూ చెప్పాడు. పొన్నుత్తాయి తల ఊపి, మేకల్ని తోలుకుని పోయింది.

పెద్దమ్మ ఆవిడ ఇంటికి నాలుగుసార్లు వెళ్లింది. కత్తి భయమా అంటే కాదంటుంది. ఆస్పత్రి భయమా అంటే కాదంటుంది. మరేమిటంటే "చూద్దాం" అంటుంది. తై నెలకు చూడడానికి కన్నే ఉండదని పెద్దమ్మ అరిచి వచ్చేది. ఐదోసారి వెళ్లినప్పుడు పెద్దమ్మ పుస్తకం తెరవలేదు. గుమ్మంలో కూర్చుని ఆ ఇంటిని ఊరికే చూసింది. పొన్నుత్తాయి భర్త మాదయ్య ఆరేళ్ల కింద పనసచెట్టు మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేడు. ఒక్క కూతురు, కొండకు అవతలి పల్లెలో కాపురం, చంకలో బిడ్డ. తొమ్మిది మేకలు, ఒక ఆవు, వాలు మీద ఎకరం సామ చేను. పొన్నుత్తాయి ఆ మసక కంటితోనే పాలు పితికి, చెయ్యి చాచి తడుముకుంటూ పొయ్యి వెలిగించింది. అప్పుడు పెద్దమ్మకు తెలిసింది, మూడు నెలలుగా తను చెప్పిన ధైర్యం ఇక్కడ ఎవరికీ అవసరం లేదని.

"ఎనిమిది రోజులు పొగ దగ్గరికి పోకూడదు, వంగకూడదు, ముఖం మీద నీళ్లు పోసుకోకూడదు అని నువ్వే చెప్పావు" అంది పొన్నుత్తాయి. "నేను ఎనిమిది రోజులు కన్ను మూసుకుని పడుకుంటే చేలో కలుపు కూడా కన్ను మూసుకుంటుందా? ఇది కలుపు తీసే నెల. ఇప్పుడు తీయకపోతే ఏడాది గంజి ఉండదు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెద్దమ్మ అత్తగారికి కూడా ఇలాగే జరిగింది. వేరుశనగ పీకే రోజులు, కూలీలు దొరకలేదు, "వచ్చే ఏడు క్యాంపుకి పోదువులే అత్తా" అన్నది పెద్దమ్మే. వచ్చే ఏటికి ఆ ముసలావిడ చూపు పూర్తిగా పోయింది. తొమ్మిదేళ్లు గోడ పట్టుకుని తిరిగింది, కోడల్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అని పెద్దమ్మ నాతో ఒకసారి అంది. ఏడవడం రాని మనిషి ఆ రోజు ఏడ్చింది. అందుకే ఆ రోజు పొన్నుత్తాయి గుమ్మంలో ఆవిడకు ఆవేశం ఆగలేదు.

"నీ చేను నేను చూస్తాను. కలుపు నేను తీస్తాను. మేకలు, ఆవు, నీ మొగుడికి గంజి, అన్నీ నేనే. నువ్వు ఏమీ ఇయ్యనక్కర్లేదు. ఊరికే చేస్తాను. పద, దిగు" అంది.

పొన్నుత్తాయి ముఖం మాడిపోయింది.

"ఊరికే ఎందుకు చేస్తావు? నేను అడిగానా? నా ఇంటి పని ముక్కూ మొహం తెలియనివాళ్లతో ధర్మానికి చేయించుకునేంత దిక్కుమాలినదాన్నా నేను? నీ సేవ నీ దగ్గరే పెట్టుకో" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

పెద్దమ్మ గదికి వచ్చి బొమ్మల పుస్తకం మూలకు విసిరేసింది. ఆ ఆడదానికి ఎంత పొగరు, ఉన్న ఒక్క కన్నూ పోయినా సరే అంటుందే అని తిట్టింది. పెదనాన్న సంకటి తింటూ అంతా విన్నాడు. తిన్న చెయ్యి కడుక్కుని నిదానంగా చెప్పాడు.

"నువ్వు ధర్మం అంటివి. అది తప్పు. నేను దినమూ తిరగతా సూస్తా ఉన్నాను కదా. సోమవారం ఆరుగురు ఆడోళ్లు మాదమ్మాళ్ చేలో ఉండారు. మంగళవారం ఆ ఆరుగురే మారియాయి చేలో. కూలి లేదు, గీలి లేదు. మన ముయ్యే. వీళ్ల మాటలో వేరే పేరు, పని అదే."

ముయ్యి అంటే మా ఊళ్లలో అందరికీ తెలుసు. నా చేలో నువ్వొక రోజు పనిచేస్తే నీ చేలో నేనొక రోజు చేస్తాను. డబ్బుతో తీరదు, బియ్యంతో తీరదు, ఒళ్లు వంచిన రోజు ఒళ్లు వంచిన రోజుతోనే తీరుతుంది. అందులో పెద్దా చిన్నా లేదు.

"పొన్నుత్తాయి ఆ గుంపులో లేదా?" అంది పెద్దమ్మ.

"పోయిన ఏడు దాకా ఉన్నిందంట. సూపు తగ్గినాక ఈ ఏడు ఎవరూ పిలవలేదు. ఆమె పోలేదు కాబట్టి ఆమె చేనికి ఎవరూ రాలేదు. అది ఆమెకి ఎంత అవమానంగా ఉంటుందో సూడు. దాని మీద నువ్వు పోయి ధర్మం అంటివి."

నలభై ఏళ్ల కాపురంలో పెద్దమ్మ ఆయన మాటకు ఎదురు చెప్పకపోవడం అదే మొదలు. మర్నాడు పొద్దున్నే మళ్లీ పొన్నుత్తాయి ఇంటికి వెళ్లింది. ఈసారి గుమ్మంలో కూర్చోలేదు, వాకిట్లోనే నిలబడింది.

"పొన్నుత్తాయక్కా, నిన్న నోరు జారినాను. సేవ మాట వద్దు. నాతో ముయ్యి కలుస్తావా?"

లోపల పొన్నుత్తాయి చేస్తున్న చప్పుడు ఆగింది. "నీకిక్కడ చేను ఎక్కడుంది?"

"చేను లేకపోతే పని లేదా? నా పని ఇల్లిల్లూ తిరిగి నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడడం. నీ చేలో నేను ఎనిమిది రోజులు చేస్తాను. నా పని నువ్వు ఎనిమిది రోజులు చేయాలి. నేను పిలిచినప్పుడు రాలేనంటే కుదరదు."

"గుడ్డిదాన్ని పిలిచి ముయ్యి అడుగుతున్నావు."

"గుడ్డిదానివి కాకుండా తిరిగొచ్చి తీర్చు అంటున్నాను."

పొన్నుత్తాయి బయటికి వచ్చింది. గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పి నవ్వింది. ఆవిడ నవ్వగా పెద్దమ్మ చూడడం అదే మొదటిసారి. "ముయ్యి అంటే పని సరిగా ఉండాలి. నా చేను చూపిస్తాను రా" అంది.

చేలో వంగి, వేళ్లతో తడిమి, రెండు మొక్కలు పట్టి చూపించింది. సామ మొక్కలాగే ఉండే గడ్డి ఒకటి ఆ చేను పై మళ్లలో లేస్తుంది. గడ్డి కాడ గరుగ్గా ఉంటుందని పొన్నుత్తాయి వేళ్లకు తెలుసు. "నీ వేళ్లకు అది ఒక్క రోజులో రాదు. నువ్వు కాడ అడుగున చూడు. సన్నగా ఎర్ర గీత ఉంటే గడ్డి. లేకపోతే సామ" అంది. పెద్దమ్మ మొక్కను కంటి దగ్గరికి తెచ్చుకుని చూసి, సరే అంది.

అది అబద్ధం. ఆవిడకు ఎర్ర గీత కనబడలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు కానీ మీకు నేను ఇప్పుడే చెప్పేస్తాను. ఏడాదిగా పెద్దమ్మ రెండు కళ్లలోనూ పొర పెరుగుతోంది. బొమ్మల పుస్తకం మూడో పేజీలో ఉన్న లక్షణాలన్నీ ఇంటింటికీ చెబుతూ, అవన్నీ తన కళ్లలోనే ఉన్నాయని ఆవిడకు తెలుసు. చెబితే ట్రస్టువాళ్లం కిందికి దించేస్తాం, వేరే దంపతుల్ని పంపిస్తాం. ఏడాది పూర్తయ్యాక చూసుకుందాంలే అనుకుంది. పొన్నుత్తాయి ఏ మాట అంటే అరిచి వచ్చిందో, సరిగ్గా ఆ మాటే తనకు తాను చెప్పుకుంది. మా పెద్దమ్మ మొండితనం ఎంత గొప్పదో అంత తెలివితక్కువది.

ఆవణి రెండో ఆదివారం పొన్నుత్తాయి దిగింది. పెదనాన్న ముందు నడిచాడు, ఆయన కర్ర రెండో కొస ఆవిడ పట్టుకుంది. ఆయన దారి పొడుగునా యాత్రికులకు చూపించినట్టు అన్నీ చెబుతూ వచ్చాడట. ఇదిగో ఊట, ఇదిగో లోయ, ఇక్కడ నుంచి చూస్తే చెరువు. "ఊట ఇది కాదు, అది వచ్చే మలుపులో. నా కాళ్లకు తెలుసు, నీకు కళ్లున్నా తెలియలేదు" అని పొన్నుత్తాయి సరిదిద్దుతూ వచ్చిందట. కింద బస్సెక్కేసరికి ఇద్దరూ బాగా పోట్లాడుకుని మంచి స్నేహితులయ్యారు.

ఆపరేషన్ సోమవారం అయింది. పెదనాన్న ఆవిడను నాకు అప్పగించి, మేకలు కాయడానికి కొండెక్కిపోయాడు. మర్నాడు కట్టు విప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. డాక్టరు వేళ్లు చూపించి ఎన్ని అన్నాడు. మూడు అంది. గోడమీది గడియారం చూపించాడు. "గడియారం అని తెలుస్తుంది కానీ టైము చదవడం నాకెప్పుడూ రాదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేనా ప్రియ? గొంతు విని ఇంకాస్త లావుగా ఉంటావనుకున్నాను" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత పెద్ద ఆఫీసులో రెండేళ్లు జాబితాలు రాసినా, నా పని దేనికో నాకు ఆ రోజే తెలిసింది.

మిగతా రోజులన్నీ ఆస్పత్రి సత్రంలో ఉంచాం. నల్లద్దాలు పెట్టి, మందు వేసి, కదలనివ్వకుండా చూశాం. ఆవిడకు ఒకటే ధ్యాస, "మీ పెద్దమ్మ ఏ మూల దాకా వచ్చిందో, పై మడి అయిపోయిందో లేదో." ఎనిమిదో రోజున, ఇంకో వారం వంగకూడదని డాక్టరు చెప్పి పంపితే, నేనే తోడుగా కొండెక్కాను. నాకు అదే మొదటిసారి. దారిలో పదిసార్లు ఆగింది పొన్నుత్తాయి, ఆయాసం వచ్చి కాదు. ఆకులు చూస్తోంది, రాళ్లు చూస్తోంది, ఒక బల్లిని చూసి నిలబడిపోయింది. ఊరు వచ్చాక ఇంట్లోకి పోలేదు. గుమ్మంలో ఉన్న మాదయ్య వైపు ఒక్కసారి చూసి, "ఇంత ముసలివాడివయ్యావా" అని, నేరుగా చేనికి నడిచింది.

పెద్దమ్మ చివరి మడిలో వంగి ఉంది. మట్టి కొట్టుకున్న చేతులు, ఎండకు నల్లబడ్డ మెడ. ఎనిమిది రోజులు తెల్లారి లేచి చీకటి పడేదాకా చేసింది. మమ్మల్ని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "అయిపోయింది అక్కా, ఈ మూల ఒక్కటే" అంది. ఆ గొంతులో ఎంత గర్వమో.

పొన్నుత్తాయి గట్టు మీద నిలబడి చేను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. నల్లద్దాలు తీసింది. మళ్లీ చూసింది. కింది మూడు మళ్లూ బాగానే ఉన్నాయి, అక్కడ వేరే రకం కలుపు. పై రెండు మళ్లలో మాత్రం బొద్దుగా, పచ్చగా, ఏపుగా నిలబడి ఉన్నది గడ్డి. గట్టు మీద కుప్పగా పోసి ఎండిపోతున్నది సామ.

నాకు చూడగానే అర్థం కాలేదు, పెదనాన్నకు అయింది. ఆయన మేకల దగ్గర నుంచి వచ్చి కుప్పలోంచి ఒక పరక తీసి చూసి తల వంచుకున్నాడు. పెద్దమ్మ పుట్టి పెరిగింది రాగి చేలో. రాగి చేలో బొద్దుగా ఉండేది పైరు, సన్నగా ఉండేది కలుపు. ఎర్ర గీత కనబడని చోట ఆవిడ చెయ్యి తనకు తెలిసిన పని చేసుకుపోయింది, సన్నవన్నీ పీకేసింది.

"ఏమయింది? ఎందుకు అందరూ ఊరికే ఉండారు?" అంది పెద్దమ్మ.

పెదనాన్న చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. కుప్ప దగ్గర కూలబడి, ఒక మొక్క తీసి కంటికి ఆనించుకుని చూసింది. ఇంకొకటి తీసింది. తర్వాత ఆ మట్టి చేతులతోనే ముఖం కప్పుకుంది. "నీ గంజి పీకేసినాను అక్కా. నీ ఇంట్లో గంజి నేను పీకేసినాను" అని పెద్దగా ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్లాను, నన్ను నెట్టేసింది.

పొన్నుత్తాయి గట్టు దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడకు కోపం వచ్చింది, అది ముఖంలో కనబడుతూనే ఉంది. చిన్నవే అయినా ఆ రెండు మళ్ల సామ అంటే వాళ్లిద్దరికీ రెండు నెలల తిండి.

"ఎర్ర గీత చూడమన్నాను" అంది.

పెద్దమ్మ ముఖం మీది మట్టి కొంగుతో తుడుచుకుంది.

"చూడలేదా, కనబడలేదా?"

పొన్నుత్తాయి చెయ్యి చాచి ఎదుటి బండను చూపించింది. "నా మేకలు ఆ బండ మీద ఉన్నాయి. ఎన్ని?"

"తొమ్మిది" అంది పెద్దమ్మ.

"బండ మీద ఎన్ని అంటున్నాను. నాకు ఎన్ని ఉన్నాయని కాదు."

పెద్దమ్మ బండ వైపు చూసింది. కళ్లు చిట్లించింది. అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ బండ మీద ఒక్క మేక కూడా లేదు. తొమ్మిదీ మా వెనక పెదనాన్న తోలుకొచ్చిన చోట మేస్తున్నాయి.

"ఎంత కాలమే?" అన్నాడు పెదనాన్న. ఆయన గొంతు పలికిన తీరు నేను ఎప్పుడూ వినలేదు. పెద్దమ్మ అప్పుడు చెప్పింది, ఏడాది అని. ఆయన కర్ర కింద పడేసి ఆవిడ పక్కన మట్టిలో కూర్చున్నాడు. "నలభై ఏండ్లు ఒకే కంచంలో తిన్నాము. ఊళ్లో ఉండే రాళ్లన్నీ సూసినాను, నిన్ను సూడలేదు" అన్నాడు.

నాకు ఆఫీసు బుద్ధి వచ్చింది. డాక్టర్లు శనివారం దాకా ఉంటారు, రేపు దిగితే ఎల్లుండి ఒక కన్ను అయిపోతుంది అని చెప్పాను. పెద్దమ్మ వెంటనే లేచి నిలబడింది. ఏడుపు ఎక్కడికి పోయిందో, పాత మునివెంకటమ్మ తిరిగొచ్చింది.

"కుదరదు. జాబితాలో ఇంకా పదమూడు మంది ఉండారు. ఒక్కరిని దింపినాను, అదీ దాని గంజి పీకి దింపినాను. ఈ వారం నేను పోతే మిగిలినోళ్ల దగ్గరికి ఎవరు పోయేది? నాది తై నెలలో సూస్తాం."

"తై నెల మాట నాతో నువ్వేమన్నావో నాకు గుర్తుంది" అంది పొన్నుత్తాయి. "నువ్వు పీకిన రెండు మళ్లకు రెండు రోజులు లెక్కలోకి రావు. మిగిలినవి ఆరు. ఆరు రోజులు నీ పని నేను చేయాలి, రేపటి నుంచి చేస్తాను. చెడగొట్టిన రెండు రోజులు నువ్వు నాకు బాకీ. వచ్చే ఏడు ఇదే చేలో తీర్చాలి. కళ్లు లేనిదాన్ని నేను నా చేలో అడుగు పెట్టనివ్వను. దిగు."

"నీకు పొగ తగలకూడదు, వంగకూడదు" అంది పెద్దమ్మ, ఇంకేమీ తోచక.

"మాట్లాడడానికి వంగక్కర్లేదు. ఆ బొమ్మల పుస్తకం ఇటు ఇయ్యి."

"నీకు సదువు రాదు కదా."

"అందులో రాసింది నువ్వు చదివే చెప్పావా ఇన్నాళ్లూ?" అంది పొన్నుత్తాయి. పెద్దమ్మ గదికి పోయి పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే మేం ముగ్గురం దిగడానికి బయల్దేరాం. పెదనాన్న ముందు, ఆయన కర్ర కొస పట్టుకుని పెద్దమ్మ, వెనక నేను. కర్ర పట్టుకోవడం ఆవిడకు ఎంత నామోషీయో మెడ బిగించిన తీరులోనే తెలుస్తోంది. కిందికి దిగే దారి మాదమ్మాళ్ ఇంటి పక్కనుంచి పోతుంది. మాదమ్మాళ్ జాబితాలో రెండో పేరు, ఒక కంట్లో పొర కమ్మినా రెండో కంటితో పని నెట్టుకొస్తోంది. పెద్దమ్మ ఆ ఇంటికి తొమ్మిదిసార్లు వెళ్లి తొమ్మిది కాఫీలు తాగి వచ్చింది.

ఇప్పుడు ఆ గుమ్మంలో నల్లద్దాలు పెట్టుకుని పొన్నుత్తాయి నిలబడి ఉంది. బొమ్మల పుస్తకం చంకలోనే ఉంది, తెరవలేదు.

"నేను దిగితే కలుపు ఎవరు తీస్తారు?" అంటోంది మాదమ్మాళ్ లోపలినుంచి.

"నాకు ఈ వారం వంగకూడదన్నారు. వచ్చే వారం నుంచి నేను తీస్తాను. నాలుగు రోజులకు నాలుగు రోజులు. ఈ ఏడు నన్ను పిలవలేదు కదా నువ్వు, ఇప్పుడు నేను పిలుస్తున్నాను" అంది పొన్నుత్తాయి. "వాళ్లు దిగుతున్నారు చూడు. చీర మార్చుకుని రా."

పెద్దమ్మ దారిలో ఆగిపోయింది. పెదనాన్న కర్ర లాగాడు, కదల్లేదు. లోపల పెట్టె మూత తీసిన చప్పుడు వినబడింది. కాసేపటికి ఉతికిన చీర కట్టుకుని, వెలుతురుకు కళ్లు చిట్లించుకుంటూ మాదమ్మాళ్ బయటికి వచ్చింది. పెద్దమ్మ ఒక చేత్తో పెదనాన్న కర్ర పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాచి ఆవిడ చెయ్యి అందుకుంది. నలుగురం దిగాం.